సాంచాలు ఆపిన మధ్యాహ్నం

సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాక జగిత్యాలలోనే ఉండిపోయాను. రోజూ డైరీ రాస్తాను. మరునాటి పనిని ముందురోజే కాగితం మీద పెట్టుకోనిదే నాకు నిద్రపట్టదు.

నా బిడ్డ సిరిసిల్లలో ఒక సర్కారు ప్రాథమిక బడికి టీచరు. చుట్టూ నేత కార్మికుల ఇళ్లు. ప్రైవేటు బడుల వ్యాన్లు గల్లీ మలుపు దాకా వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంటే, ఆమె దగ్గర ఒక్క గదికి సరిపడా పిల్లలే మిగిలారు. ఇంకొందరు పోతే బడిని పక్క వాడ బడిలో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది.

ఆ ఏడే ఆమెకు ఆన్‌లైన్‌లో ఐర్లండులోని ఒక చిన్న బడి టీచరు పరిచయమైంది. రెండు బడుల పిల్లలూ వీడియో కాల్‌లో కలిసి చేసే పని ఒకటి ఖాయం చేసుకున్నారు. ఒకవైపు వాళ్లు తమ వీధిలోని చప్పుడు వినిపిస్తారు. రెండోవైపు పిల్లలు అదేమిటో ఊహించి బొమ్మ గీసి, ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారు. ఐర్లండు వాళ్లు సముద్రపు గాలి వినిపిస్తే మా పిల్లలు రైస్‌మిల్లు గీశారు. అవతల పిల్లలు పడీపడీ నవ్వారు.

ఫిబ్రవరిలో మా వంతు వచ్చింది. సాంచాల చప్పుడు వినిపించాలని పిల్లలే తేల్చారు. ఆ వాడలో మరమగ్గాలను సాంచాలంటారు.

"తల్లిదండ్రులను గూడ పిలుస్త బాపు. మనోళ్లు ఇంగ్లీషుల మాట్లాడుడు కండ్లార జూస్తే పిల్లలను ఆపుతరు," అంది నా బిడ్డ.

ఏర్పాట్లు నేను చూసుకున్నాను. కోరుట్లలో పెళ్లిళ్లకు మైకులు కిరాయికిచ్చే నా చిన్ననాటి దోస్తు దగ్గరికి పోయి మంచి మైకు అడిగాను.

"సాంచాల చప్పుడుకు మైకెందుకురా? గట్టిగ నడిపిస్తే గా దేశానికి ఉత్తగనే ఇనవడ్తది," అని నవ్వి, వైరు కూడా చుట్టి ఇచ్చాడు.

బడి గోడకు ఆనుకునే ఒక ఆసామి సాంచాల కార్ఖానా ఉంది. ఐర్లండు వాళ్లతో ముచ్చట ఉందని మాత్రం చెప్పి, ఆయన కార్ఖానా లోపల మైకు పెట్టి, కిటికీలోంచి వైరు లాగాను. పిల్లలతో వారం రోజులు అభ్యాసం చేయించాం. ముందు చప్పుడు, తర్వాత మాటలు. ఇది రైలా అని వాళ్లడిగితే ఒకరు కాదనాలి, వర్షమా అంటే ఇంకొకరు. ఒక్కొక్కరికీ ఒక వాక్యం. అన్నీ ఆ చప్పుడు మీదే కట్టుకున్నవి.

ఆ మధ్యాహ్నం గది నిండింది. తల్లులు బీడీలు చుట్టే చాటలు ఒళ్లో పెట్టుకుని గోడవారన కూర్చున్నారు. తెర మీద ఐర్లండు పిల్లలు కనిపించారు. సరిగ్గా అప్పుడే పక్క కార్ఖానాలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ తర్వాత ఎదురిల్లు. ఆ తర్వాత గల్లీ మొత్తం.

ఒక పాప లేచి, ఇదేమిటో చెప్పండి అని ఇంగ్లీషులో అడిగింది. వినడానికి ఏమీ లేదు. ఐర్లండు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాప మళ్లీ అదే అడిగి కూర్చుంది. మిగతావాళ్లు నోరు తెరవలేదు. వాళ్ల దగ్గర జవాబులే ఉన్నాయి, ప్రశ్న రానే లేదు.

నేను బయటికి ఉరికాను. ఆసామి ఇస్త్రీ అంగీ వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సాంచాలెందుకు ఆపినవే?"

"సుట్టాలస్తే బంద్ వెట్టే మాట్లాడుతం గద సారూ. గా చప్పుట్ల మాట్లాడితే లెక్కజేయనట్టు. నువ్వు మైకు వెట్టినవంటే మీటింగనుకున్న. గల్లీ అంత నేనే జెప్పిన."

"నడిపియ్యి, జల్ది!"

"పనోళ్లంత చాయ్‌కి పోయిండ్రు. మీ ముచ్చట ఒడిసేదాక రారు."

ఒక్క సాంచానైనా నడిపించమని ఆయన్ను లోపలికి తోలుకుపోయాను. అది కదిలేసరికి అవతల వాళ్ల సమయం అయిపోయి, పిల్లలు చేతులూపుతున్నారు.

తల్లులు చాటలెత్తుకుని లేచారు.

"ఏడాదికి గదొక్క ముక్కనేనా నేర్చింది?" అంది ఒకామె.

"మా ఆడిబిడ్డ కొడుకు ఎల్‌కేజీలనే గడగడ సదువుతడు," అంది ఇంకొకామె.

ఆసామి మాత్రం సంతోషంగా వచ్చాడు. "తెల్లోళ్ల ముంగట మన వాడ ఇజ్జత్ నిలవడ్డది మేడం."

నా బిడ్డ ఆయన మొహంలోకి చూసి, "మంచిగ చేసిండ్రు అన్నా," అంది. అంతకంటే ఏమనగలదు? ఆ ఒక్క పూట కూలి వదులుకుని గల్లీ గల్లీ అంతా మర్యాద చేసింది.

ఇంకో అవకాశం ఇవ్వమని ఆమె ఐర్లండుకు రాసింది. ఈ ఏటికి తీరిక లేదని మర్యాదగా జవాబొచ్చింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పిల్లలకంటే ముందు తల్లులు వచ్చారు, టీసీల కోసం. సాయంత్రం ఆసామి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. ఆయన మనుమడు మూడో తరగతి.

"కోడలు నా మాట ఇంటలేదు మేడం. వ్యాన్‌కు పైసలు గూడ కట్టొచ్చింది."

"కూసోండ్రి అన్నా, చాయ్ తాగి పోండ్రి."

ఆయన కూర్చోలేదు. ఆమె టీసీ రాసిచ్చింది. ఆ నెలాఖరుకే బడిని కలిపేశారు.

దసరాకు ముందు ఐర్లండు టీచరు కొత్త ఏటి అంశం పంపింది: 'మా బడి తోట'. మీ పిల్లలు ఏ పూలు నాటుతారని అడిగింది. నా బిడ్డ ఆ ఉత్తరాన్ని ఫోన్‌లో నాకు చూపించింది. జవాబు ఎలా రాయాలో ఇద్దరికీ తోచలేదు. ఇప్పటిదాకా రాయలేదు.