నల్ల టేపు చుట్టిన రెండు వైర్లు

బాబాయి పోయిన కబురు నాకు ఎదురు షాపు అక్క చెప్పింది. పొద్దున్నే షట్టరు ఎత్తుతుంటే రోడ్డుకి అవతల్నించి కేకేసింది. "ఒరేయ్ తమ్ముడూ, బాబాయి లేడురా. తెల్లారుగట్ల ఆస్పత్రిలో పోయాడంట. పిన్ని ఫోన్ చేసింది." షట్టరు సగంలో వదిలేసి, అయ్యో బాబాయ్ అనుకున్నాను. ఆ వెనకే ఇంకో మాట కూడా లోపల్నించి వచ్చింది. పిన్ని ఈమెకా ముందు ఫోన్ చేసింది?

ఇది చదివి మీరు నన్ను తిట్టుకున్నా పర్లేదు. ఆయన్ని తలుచుకుంటూ రాసేదాంట్లో నన్ను నేను మంచివాణ్ణి చేసుకుంటే ఆయనకి నచ్చదు.

గురజాలలో కోర్టుకి పోయే దారిలో నాదొక టైపింగు, జిరాక్సు షాపు. దావా కాగితాలు, అఫిడవిట్లు, వకాల్తాలు కొడతాను. రోడ్డుకి అవతల అక్కదీ అచ్చం అదే షాపు, అవే కాగితాలు. ఆవిడ నాకు అక్కా కాదు, బాబాయి నాకు బాబాయీ కాదు. నా షాపు గోడకి ఆనుకున్న ఇల్లు ఆయనది, అంతే. టెలిఫోన్ డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆఫీసులో మూలనపడేసిన పాత కంప్యూటర్లని విప్పి, మళ్ళీ బిగించి, ఎవరూ చెప్పకుండానే ఆ విద్యంతా నేర్చుకున్నాడు.

ఒకసారి ఎవరో గుమాస్తా తెచ్చిన పెన్‌డ్రైవులోంచి వైరస్ దూరి నా కంప్యూటర్లో కాగితాలన్నీ తినేసింది. మర్నాడు పొద్దున వకీలు గారికివ్వాల్సిన దావా కూడా పోయింది. నేను తల పట్టుకుని కూర్చుంటే బాబాయి వచ్చి విండోస్ తీసేసి, వైరస్‌లు అంత తేలిగ్గా అంటని లినక్స్ ఎక్కించాడు. తెర మీద పెంగ్విన్ బొమ్మ చూసి పల్లెటూళ్ళ నుంచి వచ్చిన కక్షిదారులు "ఇదేం కోడి అబ్బాయ్?" అని అడిగేవాళ్ళు. కోడైతేనేం, ఆ తర్వాత నా కాగితం ఒక్కటి పోలేదు. ఆ సంతోషం నెలరోజులే. తర్వాత చూస్తే అక్క షాపులోనూ ఆ కోడే కూర్చుంది.

"ఆమెకెందుకు ఎక్కించావు బాబాయ్?" అని అడిగాను.

"అమ్మాయి అడిగింది, ఎక్కిచ్చా. నువ్వడిగితే ఎక్కియ్యలా?"

ఆమె ఎప్పుడూ 'అమ్మాయి'. నేను ఎప్పుడూ 'ఒరేయ్'. అది కూడా నాకు గుచ్చుకునేది.

లినక్స్‌తో ఒకటే చిక్కు. రెండేళ్ళకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, దాన్నంతా నెట్లోంచి దించుకోవాలి. పెద్ద బజారుకి మంచి నెట్ వచ్చింది గానీ మా వరసకి ఇప్పటికీ రాలేదు. నాపరాళ్ళ లారీ పోతే స్తంభం మీద తీగ ఊగుతుంది, దాంతోపాటు మా నెట్ కూడా ఊగుతుంది. కరెంటు పోతే అదీ పోతుంది. రెండు మూడు జీబీలు దిగడానికి మూడ్రోజులు పట్టేది.

అందుకని బాబాయి తన ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టి, వసారా గోడకున్న చెక్క డబ్బాలో, వచ్చిన నెట్‌ని నాలుగు కన్నాల్లోకి పంచే చిన్న స్విచ్చు బిగించాడు. దాంట్లోంచి రెండు వైర్లు లాగాడు. గోడ వెంట నాకొకటి, లారీలకి తగలనంత ఎత్తులో రోడ్డు దాటించి అక్కకొకటి. మాలో ఎవరు ఏది అడిగినా ఆయన కంప్యూటర్ బయట్నించి తెచ్చి ఇచ్చేది, ఇస్తూ ఒక నకలు తన దగ్గర దాచుకునేది. రెండోవాళ్ళు అదే అడిగితే ఇంట్లోంచే తీసిచ్చేది. ఒకసారి తెస్తే ఇద్దరికీ సరిపోవాలి, అదీ ఆయన లెక్క.

మొదటిసారి వెర్షన్ మార్చేటప్పుడు నేనే ముందు చేసుకుంటానని పట్టుబట్టాను. మూడ్రోజులు దేకింది. నాలుగో రోజు అక్క తాపీగా వచ్చి మొదలుపెడితే, అన్నీ బాబాయి ఇంట్లోనే ఉన్నాయి కదా, గంటలో దిగిపోయాయి. ఆమె టీ తాగుతూ "అబ్బ, ఎంత తొందరగా అయిపోయిందిరా!" అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బాబాయికి అంత నిదానం ఎక్కడిదో నాకు తెలీదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వసారాలోకొచ్చి, మెడ పైకెత్తి వైరు చివరిదాకా చూసి, అప్పుడు తాగేవాడు. కనపడితే 'తిన్నావా' అనకుండా 'నెట్టొచ్చిందా' అనేవాడు. తెర మీద అంకె ఎంతకీ కదలక నేను విసుక్కుంటుంటే, "మాటిమాటికీ చూడమాక. దాని దోవన దాన్ని రానియ్" అనేవాడు. మధ్యలో కరెంటు పోయి మొత్తం పోయిందని కంగారు పడితే, "ఏం పోలా. ఆగినకాణ్ణించే మొదలవుద్ది" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లన్నాడో.

ఇక ఆ ఆదివారం సంగతి రాయాలి. అది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

రెండోసారి వెర్షన్ మార్చేటప్పుడు సంగతిది. ఈసారి అక్కనే ముందు కానిమ్మన్నాను, వెనకుండి గంటలో లాగేసుకోవచ్చని. శుక్రవారం సాయంత్రం బాబాయి ఆమె షాపుకెళ్ళి రెండు గంటలు కూర్చున్నాడు. పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటే చెబుతూ చేయించాడు. మధ్యలో మిరపకాయ బజ్జీలు తిన్నారు. నేను ఇవతల కూర్చుని అంతా చూశాను. నా వంతు ఎప్పుడంటే ఆయనేమన్నాడు? "నీకు తెలుసుగా, నువ్వే చేసుకో." ఆ మాటకి వేరే అర్థం ఉందని అప్పుడు నాకు తట్టలేదు. నన్ను గాలికొదిలేశాడనుకున్నాను.

ఆదివారం పొద్దున అక్క కంప్యూటర్‌ని దింపుకుంటూ ఉండమని వదిలేసి చర్చికెళ్ళింది. బాబాయి స్నానానికెళ్ళాడు. నేను పేపరు కోసం వెళ్ళినట్టు వాళ్ళ వసారా ఎక్కి, డబ్బా తెరిచి, ఆమె వైరు క్లిప్పు నొక్కి పీకేశాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి పెట్టేశాను. అంతే. నాకు ఒరిగిందేమీ లేదు. ఆమె పని ఆగాలి, అంతవరకే.

సోమవారం కోర్టు వేళకి ఆమె షాపు నిండా జనం. పని ముప్పావు వంతు కూడా కాలేదని చూసి, తనే ఏదో చెడగొట్టానని భయపడి అక్క ఏడ్చింది. బాబాయి వెళ్ళి చూశాడు. "ఏం పోలేదమ్మాయ్. పాతది అట్టాగే ఉంది, కాగితాలు కొట్టుకో. మిగతాది ఆగినకాణ్ణించే మొదలవుద్ది" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి, అయ్యో పాపం అని మొహం పెట్టాను.

ఆ మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "ఒరేయ్, నల్ల టేపు పట్రా."

పట్టుకెళ్ళాను. డబ్బా తెరిచి ఉంది. ఆమె వైరు మొదటి కన్నంలో, నాది రెండో కన్నంలో ఉండాలని ఆయన ఏర్పాటు. నేను హడావిడిలో ఆమెది మూడో కన్నంలో పెట్టాను. ఆయన ఆ వైరు తీసి మొదటి కన్నంలో పెట్టి, రెండు వైర్ల మెడలూ దగ్గరికి చేర్చి నా చేతికిచ్చాడు.

"గట్టిగా పట్టుకో."

నేను పట్టుకుంటే ఆయన టేపు చుట్టాడు, చుట్టు మీద చుట్టు, లైన్‌మన్ చుట్టే చుట్టు. "ఇప్పుడు ఎవుడన్నా ఒకటి పీకితే రెండూ ఊడతయ్" అన్నాడు. నా మొహం వంక చూడలేదు. టేపు పళ్ళతో తెంపి, డబ్బా మూసి, "టీ తాగుతావంట్రా?" అన్నాడు. తాగాను. నేనే పీకానని చెప్పడానికి అప్పుడు నోరు రాలేదు. తర్వాత ఏళ్ళ తరబడీ రాలేదు.

మొన్న పెద్దకర్మ అయ్యాక పిన్ని మా ఇద్దర్నీ పిలిచింది. "ఆ కంప్యూటర్ని, డబ్బాని మీ ఇద్దర్లో ఎవురో ఒకళ్ళు తీసకపోండయ్యా. ఆ లైట్లు మినుక్కుమంటంటే ఆయన లోపల కూర్చున్నట్టే ఉంటంది నాకు" అంది. అక్క కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం మర్నాడు అక్క షాపు తెరవకముందే బ్లేడు జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆయన వస్తువు నాకు దక్కాలి. అందరూ చూసేలా నా షాపులో ఉండాలి.

డబ్బా తెరిచాను. ఇన్ని ఎండాకాలాలకి టేపు మెత్తబడి జిగురు కారుతోంది. వైర్లు పట్టుకుంటే అదంతా వేళ్ళకంటింది. బ్లేడు ఆనించాను. బాబాయి మళ్ళీ 'గట్టిగా పట్టుకో' అన్నట్టే అనిపించింది.

బ్లేడు జేబులో వేసుకుని రోడ్డు దాటాను. అక్క అప్పుడే ఊడుస్తోంది. "అక్కా, ఆ ఆదివారం నీ వైరు పీకింది నేనే" అన్నాను.

ఆమె చీపురు ఆపలేదు. "తెలుసులేరా. మూడో కన్నంలో పెట్టావంటగా."

"ఎవరు చెప్పారు?"

"బాబాయే. 'ఆడు చెప్పిందాకా నువ్వు ఎత్తమాకమ్మాయ్, ఎప్పటికైనా ఆడే చెబుతాడు' అన్నాడు."

నేను చెబుతానని ఆయన ఇన్నేళ్ళూ ఎదురుచూశాడు. నేను ఆయన పోయిందాకా ఆగాను. దుఃఖం ఆగలేదు, రోడ్డు మీదే ఏడ్చాను. అంత ఏడుపులోనూ ఆయన ఆ మాట నాతో అనకుండా ఆమెతో అన్నాడే అని మళ్ళీ కుళ్ళుకున్నాను. నా బుద్ధి అంతే.

ఇద్దరం కలిసి ఆయన ముందుగదిలోకెళ్ళాం. కొత్త వెర్షన్ మా ఇద్దరి కోసం ముందే దించిపెట్టడం మొదలుపెట్టి, ఆ మధ్యలోనే ఆస్పత్రికెళ్ళాడాయన. నెట్ తెగి, తెర మీద నలభై మూడు శాతం దగ్గర ఆగి ఉంది. పైబాణం మీట నొక్కితే దాన్ని దించడానికి ఆయన చివరిసారి కొట్టిన కమాండు తెర మీదకొచ్చింది. ఎంటర్ కొట్టాలని నా వేలు లాగింది.

"నువ్వు కొట్టక్కా" అన్నాను.

కొట్టింది. నలభై మూడు అలాగే చాలాసేపు కదలలేదు. తర్వాత నలభై నాలుగైంది. పిన్ని గుమ్మంలోంచి చూసి, "ఉండనియ్యండిలే, ఈడనే ఉండనియ్యండి" అని మా ఇద్దరికీ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

ఇప్పుడు రోజూ పొద్దున షట్టరెత్తే ముందు ఆ వసారా ఎక్కి, మెడ పైకెత్తి రెండు వైర్లూ చివరిదాకా చూసి, డబ్బా తెరుస్తాను. టేపు అలాగే ఉంది. దాని పైన రెండు పచ్చ లైట్లు, ఆమెదొకటి, నాదొకటి. ఆమె లైటే కాస్త ముందు మినుక్కుమంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకట్లాగే కనపడుతోంది.