మంచె మీద గాలి

మైదానం చివర, గోల్ స్తంభాల వెనక, నాలుగు ఇనప కాళ్ళ మీద నిలబడ్డ మంచె ఒకటుంది. గాలి లేనప్పుడు అది ఉత్త ఇనుము. గాలి లేచిందంటే దాని బోలు గొట్టాల్లోంచి సన్నటి మూలుగు బయలుదేరుతుంది, లోపల ఎవరో జ్వరంతో పడుకున్నట్టు. అమెరికా నడిమధ్య ఉన్న నెబ్రాస్కాలో గాలి లేని రోజులు తక్కువ. ఆ మూలుగు చెవిన పడగానే ఆర్విల్ పెత్రాసెక్‌కి నోరు తడారిపోయేది.

కాల్డర్ క్రీక్ కాలేజీలో గడ్డి కోసేదీ, మైదానం మీద తెల్ల గీతలు గీసేదీ అతనే. బంతిని చేత్తో పట్టి, విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం కెమెరా భుజానికి తగిలించుకుని మంచె ఎక్కి, ఆటంతా టేపు మీదికి పట్టేదీ అతనే. అతని అన్న మైలో కుర్రతనంలో ధాన్యం గోదాం మీంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి ఆర్విల్‌కి ఎత్తంటే హడలు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకూడదు.

ఎందుకంటే అతనికి ముందు ఆ పని చేసిన గ్లెన్ ఒక గాలిరోజున నిచ్చెన సగంలో కొయ్యబారిపోయాడు. కిందికీ రాలేడు, పైకీ పోలేడు. అప్పటి కోచ్ బక్ హానిగన్ జట్టంతటినీ నిచ్చెన కిందికి పిలిచి, "చూడండ్రా, పిల్లి చెట్టెక్కింది! ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యండి!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆర్విల్ కూడా నవ్వాడు. మర్నాటినుంచి గ్లెన్ మైదానంలో కనబడలేదు. కెమెరా ఆర్విల్ చేతికొచ్చింది.

భయం బయటపడితే మంచె పోతుంది. మంచె పోతే జట్టు పోతుంది. పిల్లల్లేని మనిషికి శనివారాలంటే ఆ జట్టే. అందుకని పైకెక్కగానే నడుం బెల్టును ఇనప కమ్మీకి కట్టేసుకునేవాడు. మోచేతులు పక్కటెముకలకి అదిమి, ఊపిరి బిగబట్టి కెమెరా పట్టేవాడు. ఆట ఆగి కుర్రాళ్ళు గుమిగూడినప్పుడు వాళ్ళతోపాటు తనూ ఊపిరి తీసుకునేవాడు. టేపు మీద బొమ్మ కదిలేది కాదు. ఇంటికొచ్చాక చలిలో కూడా చొక్కా పిండితే నీళ్ళు కారేవి.

"మంచె మీద ఎండ ఎక్కువా?" అనేది భార్య డార్లీన్, చొక్కా రెండువేళ్ళతో పట్టుకుని.

"ఎక్కువే," అనేవాడు అతను. బయట మంచు కురుస్తూ ఉండేది.

సోమవారాలు వేరే భయం. వ్యాయామశాల కింద, మేజోళ్ళ వాసనా నొప్పిమందు వాసనా కలిసిన గదిలో, లైట్లు తీసేసి బక్ ఆ టేపు వేసేవాడు. కుర్రాళ్ళు దాన్ని సోమవారం సినిమా అనేవాళ్ళు. తప్పు జరిగిన చోట బొమ్మ ఆగేది.

"ఎవడిదిరా ఈ ఘనకార్యం? లే!"

ఆ కుర్రాడు లేవాలి. టేపు అయిపోయేదాకా చీకట్లో నిలబడాలి. తెర వెలుగు ముఖం మీద పడి అదే ఆగిన బొమ్మలా ఉండేవాడు. ఒక్కోసారి చివరికొచ్చేసరికి కూర్చున్నవాళ్ళకంటే నిలబడ్డవాళ్ళే ఎక్కువ. శనివారం మళ్ళీ మైదానంలోకి దిగితే బంతి మీద ఉండాల్సిన కళ్ళు మైదానం గట్టున నిలబడ్డ బక్ ముఖం వెతుక్కునేవి. బంతి విసిరే కుర్రాడు కోల్బీ రెన్నర్ విసరకముందే అటు తిరిగి చూసేవాడు. ఆ క్షణంలో అవతలివాళ్ళు వచ్చి మీద పడేవాళ్ళు.

జట్టు పేరు కొంగలు. "ఒంటికాలి మీద నిలబడి ఓడిపోవాలంటే మనవాళ్ళ తర్వాతే," అనేవాళ్ళు కాఫీ కొట్లో. పక్క ఊరి మెర్టన్ కాలేజీ చేతిలో తొమ్మిదేళ్ళు వరసగా ఓడిపోయాక, చలికాలం మొదట్లో కాలేజీవాళ్ళు బక్‌ని పంపించేశారు.

ఊరంతా తేలికపడింది. ఆర్విల్ తేలికపడలేదు. కొత్త కోచ్ తన మనుషుల్ని వెంటబెట్టుకొస్తాడు, పాత చీపురు కూడా మార్చేస్తాడు. ఆ ఆటల లోకంలో ఎక్కడైనా అంతే.

"నువ్వు చీపురువి కాదుగా," అంది డార్లీన్, ఆప్రికాట్ గుజ్జు నింపిన కొలాచీ రొట్టె అతని ముందు పెట్టి.

"చీపురైతే నయం. దానికి నిద్ర పడుతుంది."

కొత్తాయన పేరు లమార్ టీస్‌డేల్. దక్షిణాది మిసిసిపీనుంచి వచ్చిన నల్లజాతివాడు, పొడుగ్గా, వంగిన భుజాలతో ఉంటాడు. గొంతు పెంచడు. అదే ఆర్విల్‌ని ఎక్కువ భయపెట్టింది. అరిచేవాడి కోపం ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. అరవనివాడి కోపం ఎక్కడ కూర్చుని ఉంటుందో!

సొంత మైదానంలో మొదటి ఆట రోజు మధ్యాహ్నం గాలి లేచింది. మంచె మూలగడం మొదలుపెట్టింది. టీస్‌డేల్ దాని కిందికొచ్చి తల ఎత్తి చూశాడు.

"మిస్టర్ పెత్రాసెక్, మాకు అక్కడ ఇంత గాలి ఉండదు సార్. ఎక్కొచ్చంటారా?"

ఆర్విల్‌ని ఆ మైదానంలో ఎవరూ సార్ అనలేదు. పరీక్షిస్తున్నాడనుకున్నాడు.

"ఇది గాలేంటి కోచ్! మా ఆవిడ తుమ్మితే ఇంతకంటే గట్టిగా వీస్తుంది."

అటుగా పోతున్న కుర్రాళ్ళతోపాటు టీస్‌డేల్ కూడా నవ్వి వెళ్ళిపోయాడు. ఆర్విల్ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఎక్కాడు.

ఆట సగంలో ఉండగా ఉత్తరపు గాలి లేచింది. మంచె ఒక పక్కకి ఒరిగి, ఆగి, మళ్ళీ వెనక్కొచ్చింది. ఒక బోల్టు టప్పుమని ఊడి కింద ఎక్కడో పడింది. ఆర్విల్‌కి మైదానం కనిపించలేదు. గోదాం గోడా, దాని పక్కనుంచి జారుతున్న మైలో నీలం చొక్కా కనిపించాయి. మోచేతులు పక్కటెముకల్ని వదిలేశాయి. కెమెరా ఎటు చూస్తోందో అతనికి తెలియదు. ఆట అయిపోయి, గాలి అణిగి, కిందికి దిగాక గడ్డి మీద అరచేతులు ఆనించి చాలాసేపు బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటించాడు. కొంగలు ఆ రోజూ ఓడిపోయాయి.

ఆదివారం టేపు ఇచ్చేశాడు. పోయిందని అబద్ధం చెబుదామా అని చర్చిలో కూర్చున్నంతసేపూ ఆలోచించి కూడా ఇచ్చేశాడు.

సోమవారం అదే గది, అదే వాసన. లైట్లు ఆరాయి. ఆర్విల్ ఎప్పట్లా టేపు వేసే యంత్రం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తెర మీద కుర్రాళ్ళు పరిగెత్తారు, పడ్డారు, లేచారు. తర్వాత బొమ్మ వణికింది. మైదానం ఒక పక్కకి ఒరిగింది, ఆకాశం వచ్చింది, ఇనప కమ్మీ వచ్చింది, దాన్ని పట్టుకున్న తెల్లబడ్డ వేళ్ళు వచ్చాయి. గాలి హోరులోంచి ఒక గొంతు వినిపించింది. "మైలో, మైలో" అంటోంది.

టీస్‌డేల్ బొమ్మ ఆపాడు.

ఆర్విల్ లేచి నిలబడ్డాడు.

ఎవరూ లెమ్మనలేదు. ఇన్నేళ్ళుగా ఆ గదిలో బొమ్మ ఆగితే ఎవరో ఒకరు లేవడమే అతను చూశాడు. కాళ్ళు వాటంతట అవే లేచాయి. తెర వెలుగు ముఖం మీద పడింది. రేపటినుంచి ఈ మైదానంలో నేను కనబడను, అనుకున్నాడు. గ్లెన్‌ని చూసి నవ్విన తన నవ్వు ఇప్పుడు కుర్రాళ్ళ నోళ్ళలోంచి వినబడుతుందని చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"మీరెందుకు లేచారు సార్?" అన్నాడు టీస్‌డేల్. అతనికి నిజంగా అర్థం కాలేదు.

ముందు వరసలోంచి పసిఫిక్ దీవి సమోవానుంచి వచ్చిన కుర్రాడు ఫెతూ, కొండలాంటివాడు, మెల్లగా చెప్పాడు. "తప్పు చేసినవాళ్ళు లేవాలి కోచ్. ఇక్కడి పద్ధతి."

టీస్‌డేల్ కాసేపు తెరకేసి చూశాడు, ఆ వేళ్ళకేసి. తర్వాత తన కుర్చీలోంచి లేచాడు.

"అయితే లేవాల్సింది నేను. ఎక్కొచ్చా అని అడిగాను. వద్దు అనడానికి చోటుండేలా అడగలేదు. మీరు కూర్చోండి సార్."

ఆర్విల్ కూర్చోలేకపోయాడు. కోల్బీ వచ్చి భుజం పట్టి కూర్చోబెట్టాడు. టేపు అయిపోయేదాకా టీస్‌డేల్ గోడ పక్కన నిలబడే ఉన్నాడు, తెర వెలుగులో. కుర్రాళ్ళు తెరకంటే అతన్నే ఎక్కువ చూశారు.

ఆ తర్వాత టీస్‌డేల్ ఒకటే మాట చెప్పాడు. మంచె ఎక్కాలో వద్దో ఆర్విలే తేల్చుకోవాలి, ఎవరూ అడగరు. వద్దనుకున్న రోజు ఆర్విల్ నిచ్చెన మొదటి మెట్టుకి ఒక ఎర్ర తువ్వాలు కట్టేవాడు. మొదటిసారి కట్టినప్పుడు ముడి మూడుసార్లు విప్పి మళ్ళీ వేశాడు. మంచె మీదకంటే ఆ ముడి దగ్గరే ఎక్కువ భయం వేసింది. కుర్రాళ్ళు దాని పక్కనుంచే సాధనకి వెళ్ళేవాళ్ళు. ఒకరూ నవ్వలేదు.

ఒకరోజు ఫెతూ ఆ తువ్వాలు దగ్గర ఆగి, అక్కడినుంచి నేరుగా టీస్‌డేల్ దగ్గరికి నడిచాడు. "కోచ్, పోయిన వారం తల తగిలినప్పటినుంచి లైట్లు రెండేసి కనిపిస్తున్నాయి," అన్నాడు. బక్ రోజుల్లో ఆ మాట అన్నవాడు లేడు. వాంతి చేసుకుని మూతి తుడుచుకుని దిగేవాళ్ళు. ఫెతూ మూడు ఆటలు బయట కూర్చున్నాడు. అతను లేకుండానే అందులో రెండు గెలిచారు. ఎలా గెలిచారని కాఫీ కొట్లో అడిగినవాళ్ళకి ఆర్విల్ ఒక్కటే చెప్పేవాడు. కుర్రాళ్ళు గట్టుకేసి చూడటం మానేశారు, అంతే.

చివరి ఆట మెర్టన్‌తో. పొద్దున్నే నది మీంచి దక్షిణానికి పోయే కొంగల బారు గాలికి చెదిరిపోయింది. మంచె మూలిగింది. ఆర్విల్ తువ్వాలు కట్టి, కెమెరాతో గీత పక్కకొచ్చి నిలబడ్డాడు.

ఇన్నేళ్ళలో అతను ఆటని కిందినుంచి చూడలేదు. పైనుంచి అది నిశ్శబ్దంగా కదిలే చుక్కలు. ఇక్కడ ఎముకకి ఎముక తగిలే చప్పుడు, బూతులు, ఎవడిదో అమ్మా అన్న కేక. మెర్టన్ కుర్రాడొకడు పరిగెడుతూ, "ముసలాయనా, మీ కొంగలకి నీడపట్టున గూడు కట్టిపెట్టు!" అని అరిచాడు. పడిపోయే చోటు ఏదీ లేకపోయినా కాళ్ళకింద నేల ఊగుతోంది. పడబోయేది తను కాదు, వీళ్ళు. అది ఇంకా భయంగా ఉంది.

ఆట చివర్లో బంతి గోల్ గీతకి గజం దూరంలో ఉంది. దాటితే గెలుపు. కోల్బీ గట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"విసురు," అన్నాడు టీస్‌డేల్.

కోల్బీ తల అడ్డంగా ఊపాడు. బక్‌కి తల అడ్డంగా ఊపినవాడు ఆ మైదానంలో పుట్టలేదు.

"వేళ్ళు తిమ్మిరెక్కాయి కోచ్. బంతి పట్టే తెలియట్లేదు. విసిరితే వాళ్ళ చేతికిస్తాను. భయంగా ఉంది."

"మరేం చేద్దాం?"

"ఫెతూ వీపు వెనక దూరిపోతా."

"దూరిపో."

ఫెతూ ముందుకు పడ్డాడు. అతని మీద అందరూ పడ్డారు. ఆ కుప్పలో కోల్బీ కనబడలేదు, బంతి కనబడలేదు. రిఫరీ ఒక్కొక్కణ్ణీ లాగి పక్కన పడేస్తున్నంతసేపూ ఊరంతా ఊపిరి బిగబట్టింది. అడుగున కోల్బీ ఉన్నాడు, గీతకి అవతల, బంతిని కడుపుకింద పెట్టుకుని.

సోమవారం లైట్లు ఆరాయి. ఆ చివరి గజం దగ్గర బొమ్మ గజగజ వణికింది. మంచె మీది రోజుకంటే ఎక్కువ. కోల్బీ గీత దాటడం ఎవరికీ సరిగ్గా కనబడలేదు.

"మిస్టర్ ఆర్వ్!" ఫెతూ వెనక్కి తిరిగాడు. "నేలమీదేగా ఉన్నావు! ఎందుకిలా ఊగింది? మీ ఆవిడ తుమ్మిందా?"

గది ఘొల్లుమంది. ఆర్విల్ నోరు తెరిచాడు. నాలుక మళ్ళీ అంగిటికి అంటుకుంది.

"భయమేసింది," అన్నాడు.

నిలబడలేదు. స్టూలు మీద కూర్చునే చెప్పాడు.