బొట్టు పెట్టి చెప్పిన మాట

మొన్న బరంపురంలో పెద్దమ్మ పెద్దకర్మ భోజనాలయ్యాక చిన్నమామయ్య వరండాలో కూర్చుని ఫోనులో తెలుగు వార్తలు చూస్తున్నాడు. పెద్దమ్మకు సొంత తమ్ముడు. ఉదయం నిజంగానే ఏడ్చాడు, కాదనను. కానీ ఆయన చేతిలో తెలుగు అంత సులువుగా మోగుతుంటే వినలేక పెరట్లోకి వెళ్లిపోయాను.

ఒకప్పుడు పెద్దమ్మ వాళ్ల వీధికి కేబుల్ ఇచ్చింది ఆయనే. డాబాల మీదుగా నల్లటి తీగ లాగాడు. ఆడవాళ్లు దానిమీద తడి చీరలు ఆరేసేవారు. బొమ్మ చెదిరినప్పుడల్లా ఆయన వచ్చి, బతిమాలి, చీరలు తీయించేవాడు. రైల్వే ఉద్యోగాల కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్లవి. పిల్లలు బడిలో చదివేది ఒడియా. మధ్యాహ్నం సీరియళ్లే ఆ వీధికి బయటినుంచి వచ్చే తెలుగు. నేను మా అమ్మాయితో పెద్దమ్మ ఇంటి పై వాటాలో ఉండి ఉద్యోగం చేసుకునేదాన్ని.

పాత కేబుల్ ఆపేస్తారు, ఇంటింటికీ డిజిటల్ పెట్టె పెట్టుకోవాలన్నారు. ఎవరూ కదల్లేదు. మామయ్య పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. ఆ వీధిలో ఆవిడ మాటకు విలువ.

“తెలుగు వస్తాదా రాదా, అది సెప్పు ముందు” అంది పెద్దమ్మ.

“అన్నీ వస్తాయప్పా. బొమ్మ ఇంకా బాగుంటాది” అన్నాడు మామయ్య అక్కతో.

పెద్దమ్మ ఏ పనైనా తనకు తెలిసిన పద్ధతిలోనే చేసే మనిషి. కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. పేరంటానికి పిలిచినట్టే గడప గడపకూ వెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టి, పెట్టె పెట్టించుకోండి, తెలుగు ఎక్కడికీ పోదు అని చెప్పింది. టీవీకి పేరంటమేటని పెదనాన్న నవ్వాడు. మాలో బొట్టు పెట్టి చెబితే కాదనరు. వీధంతా పెట్టెలు పెట్టించుకుంది.

పాత కేబుల్ ఆగిన రోజు కొత్త పెట్టెలో ఒడియా వచ్చింది, హిందీ వచ్చింది. బొమ్మ నిజంగానే బాగుంది. తెలుగు ఒక్కటీ లేదు. మామయ్య తన లైనును ఎవరో పెద్ద కంపెనీవాళ్లకు అప్పగించాడని, వాళ్ల పెట్టెలో తెలుగు ఉండదని ముందే ఒప్పుకున్నాడని సాయంత్రానికి బయటపడింది. ఎదురింటావిడ తన గుమ్మంలోంచే, “బొట్టెట్టి మరీ మోసం సేసినావు కదమ్మా” అంది. తమ్ముడు వచ్చాక పెద్దమ్మ అడిగింది.

“నీకు ముందే తెలుసా?”

ఆయన చెప్పులైనా విప్పలేదు. “తెలుసని సెప్తే నువ్వు తిరిగీదానివా అప్పా?”

ఆవిడ లోపలికి వెళ్లి ఆయనకు కాఫీ కలిపి తెచ్చింది. ఎందుకు తెచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

శ్రావణంలో మళ్లీ భరిణె పట్టుకుని పేరంటానికి పిలవడానికి వెళ్లింది. అందరూ మర్యాదగా బొట్టు పెట్టించుకున్నారు, వస్తామన్నారు. ఎవరూ రాలేదు. వాయినాలకు నానబెట్టిన శనగలు గంగాళంలో అలాగే ఉండిపోయాయి. వారమంతా మా రెండు వాటాల్లోనూ శనగల కూరే.

కొంతకాలానికి తెలుగు డిష్షుల్లో, ఫోన్లలో ఆ ఇళ్లకు తిరిగొచ్చింది. కోపాలు పోయాయి. ఎదురింటావిడ అరిసెలు కూడా పంపింది. పెద్దమ్మ మాత్రం మళ్లీ ఎవరినీ బొట్టు పెట్టి పిలవలేదు. మా అమ్మాయి పెళ్లి పిలుపులకు కూడా నన్నే పంపి తను ఇంట్లో ఉండిపోయింది. వెళ్తే అందరూ వచ్చేవారే, ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. వీధి సర్దుకుంది, మామయ్య సర్దుకున్నాడు. ఏ తప్పూ చేయని ఒక్క మనిషికే ఆ కాలం సరిపోలేదు.