మైకాయన రెండు మాటలు

మైకాయనకు గొంతే ఆస్తి. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని, కుళాయి రాదన్నా, కొత్త దుకాణం తెరిచారన్నా ఊరంతా తిరిగి చెప్పేవాడు. గొంతు అరిగిపోకుండా ఒక కిటుకు కనిపెట్టాడు. ఒకసారి చెప్పి రికార్డు చేసుకుంటే చాలు, మీట నొక్కగానే అదే మళ్లీ మళ్లీ మోగుతుంది. తను హాయిగా టీ తాగొచ్చు.

తుఫాను వస్తోందని పొద్దున్నే ఊరిని హడలగొట్టాడు. జనం బడి భవనంలో తలదాచుకున్నారు. తుఫాను వచ్చింది, నాలుగు చెట్లు కూల్చింది, రేకులు ఎగరేసింది, అన్నం ఉడికేలోపు చల్లబడింది. తీరం దాటగానే నీరసించిపోయిందని మండలాఫీసు నుంచి ఫోను. "ముప్పు తప్పింది, అందరూ ఇళ్లకు వెళ్లండి" అని రికార్డు పెట్టేశాడు. పల్లపు వీధిలో ఉండే అతని అక్క కూడా దుప్పటి చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. మైకులో తమ్ముడి మాటంటే ఆమెకు వేదవాక్కు.

ఎండ కూడా కాసింది. అంతలో మళ్లీ ఫోను. కొండల మీద కుండపోత, వాగు గట్టు తెగిందట.

"ఇందాక పోయిందన్నారు కదండీ?"

"తుఫాను పోయిందయ్యా. నీళ్లొస్తున్నాయి!"

ఎండలో వరదేమిటో మైకాయన బుర్రకెక్కలేదు. అయినా ఆటోను పల్లపు వీధి మొదట్లో వదిలేసి పరుగెత్తాడు. కంగారులో మోగుతున్న రికార్డు ఆపడం మరిచాడు.

"బయటికి రండి! నీళ్లొస్తున్నాయి!" అని ఇల్లిల్లూ తిరిగి అరుస్తుంటే, వెనక నుంచి అతని గొంతే దర్జాగా "ముప్పు తప్పింది, ఇళ్లకు వెళ్లండి" అంటోంది. గుమ్మాల్లో జనం అటూ ఇటూ చూశారు. "పట్టపగలే మందేశాడా ఏంటి?" అన్నాడొకాయన. నీళ్లు మడమలు దాటాయి. అక్క తలుపు ఓరగా తీసింది.

"ఏరా, ఏ నోటి మాట వినమంటావు? మైకులోది ఆఫీసు వాళ్ల మాట. ఇది నీ కంగారు."

తలుపు మూసేసింది. మైకాయనకు ఏడుపొచ్చింది. వెనక్కి పరుగెత్తి రికార్డు ఆపేసి, మైకు అందుకున్నాడు. రోజూ చెప్పే "ప్రజలకు విజ్ఞప్తి" నోటికి రాలేదు.

"అక్కా, నేనే. ఇందాక తప్పు చెప్పాను. బయటికి రావే."

ఎవరి అక్కో తెలియక వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరి వెనక, మోకాలి లోతు నీళ్లలో, అతని అక్క వచ్చింది.

"ఇంతకీ తుఫాను ఉన్నట్టా, పోయినట్టా?"

"నాకు తెలీదక్కా. నడు."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది.