ముద్ర డబ్బా కోసం శ్మశానానికి

నేనుండే ఇర్వింగ్ నుంచి పడమరకి మూడు గంటలు డ్రైవ్ చేసి ఒక పాత శ్మశానానికి వెళ్లడానికి నాకున్న కారణం ఒక ప్లాస్టిక్ డబ్బా. దీన్ని లెటర్‌బాక్సింగ్ అంటారు. ఎవరో డబ్బాలో ఒక రబ్బరు ముద్ర, చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు, ఆనవాళ్లు ఆన్‌లైన్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, వాళ్ల ముద్ర మన పుస్తకంలో, మన ముద్ర వాళ్ల పుస్తకంలో వేసి, డబ్బాని మళ్లీ అక్కడే దాచి రావాలి. బహుమతి ఏమీ లేదు. ఆఫీసులో నేను చేసేదీ దాదాపు ఇదే, కాకపోతే జీతం ఇస్తారు.

ఆర్నెల్లు ఉండి వెళ్దామని గుంటూరు నుంచి విమానంలో వచ్చిన అమ్మ అపార్ట్‌మెంట్ గోడలు చూసి విసిగిపోయి, "ఎక్కడికైనా సరే, నేనూ వస్తా" అంది. శ్మశానమని తెలిశాక కూడా పులిహోర కట్టింది. తీరా గేటు దగ్గరికొచ్చాక సీట్ బెల్టు తియ్యలేదు.

"నువ్వెళ్లి రావే. ఆడవాళ్లు వెళ్లకూడదు."

"మరి నేనెవర్నమ్మా?"

నాన్న పోయినప్పుడు మా ఇద్దర్నీ పెదనాన్న వీధి చివర ఆపేశారు. ఆడవాళ్లు అక్కడిదాకా రాకూడదట. చెప్పులు కొనుక్కోవాలన్నా పక్కన అమ్మ ఉండాల్సిన నాన్న, ఆ ఒక్క ప్రయాణం మాత్రం వీధిలోని మగాళ్లతో వెళ్లారు.

ఒక్కదాన్నే లోపలికి నడిచాను. శ్మశానం ఉన్న గుట్ట కింద ఒకప్పుడు సైనికులకీ, అక్కడి ఆదివాసీ తెగలవాళ్లకీ యుద్ధం జరిగింది. సైనికులకి వరసగా తెల్లరాళ్లున్నాయి. ఆ నేల ఎవరిదో వాళ్లకి బోర్డు మీద ఒక్క వాక్యం ఉంది, అందులోనూ వాళ్లు 'శత్రువులు'. బోర్డు ఎవరు రాయించారో అడగక్కర్లేదు.

కార్లో అమ్మకి చదివి వినిపించిన ఆనవాళ్ల ప్రకారం, కంచె పక్కన, రెండుగా చీలిన చెట్టు మొదట్లో డబ్బా ఉండాలి. వంగి రాళ్లు కదుపుతుంటే వెనక నుంచి గొంతు.

"ఆ చెట్టు కాదే. చీలింది దాని పక్కది."

అమ్మ! గుడికొచ్చినట్టు బూట్లు గేటు బయట విడిచి, సాక్సుల నిండా పల్లేరుకాయలతో నిలబడి ఉంది.

"వెళ్లకూడదన్నావుగా?"

"అప్పుడు ఆపారు, ఆగాను. ఇక్కడెవరు ఆపుతారో చూస్తా."

ఏడుస్తుందేమోనని టిష్యూ ఇచ్చాను. దాంతో పల్లేరుకాయ పట్టుకుని పీక్కుంది.

డబ్బా పక్క చెట్టు కిందే దొరికింది. నా ముద్ర రబ్బరు మీద చెక్కుకున్న వంకాయ. సొంత ముద్ర లేనివాళ్లు బొటనవేలు వేయొచ్చు. "ఎమ్మే చదివి వేలిముద్రా!" అంటూనే అమ్మ గట్టిగా వేసింది, వెనక పేజీకి దిగేలా.

అప్పుడే ఫోన్ మోగింది. గుంటూరు నుంచి పెదనాన్న, వీడియో కాల్. నేను కట్ చేసేలోపు అమ్మ లాక్కుంది.

"ఎక్కడున్నావమ్మా? వెనకాల ఆ రాళ్లేంటి?"

"శ్మశానంలో ఉన్నాం బావగారూ."

"అయ్యయ్యో, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. మేమే వచ్చాం."

"మగతోడు ఎవరైనా ఉన్నారా?"

అమ్మ ఫోన్‌ని తెల్లరాళ్ల వైపు తిప్పింది. "బోలెడుమంది. పడుకున్నారు."

పెదనాన్న ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూశారు.

"సరే... ఇంటికెళ్లగానే తలస్నానాలు చెయ్యండి. అప్పటిదాకా ఏమీ ముట్టుకోకండి."

"ముందు పులిహోర తినాలి బావగారూ, ఉంటాను."

చేతులకి శానిటైజర్ రాసుకుని, గేటు లోపలే కూర్చుని తిన్నాం. ఉప్పు తక్కువైంది.