నేను చెప్పని మొదటి చరణం

ఏళ్లుగా ఒక పాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. పాడలేను, మింగలేను. ఈరన్న స్వామికి దండం పెట్టుకునేటప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి పెట్టుకుంటాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నేను బడికి పోలేదు. మా పెదనాయన కొడుకు, మా అన్న, మగ్గం పక్కన కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించినాడు. ఈరోజు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన పుణ్యమే. అన్న భజన గుంపుకు పెద్ద. ఒక శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దగ్గర పాడేదానికి నేనొక పాట కట్టి ఇచ్చినాను. లంకను కాల్చిన హనుమంతుడు తానే చెప్పుకునే పాట. మొదటి చరణంలో ఆయన తోకకు మా మగ్గం గుడ్డలే చుట్టినాను. ఆయన పేరు, లంక పేరు వచ్చేది ఆ ఒక్క చరణంలోనే. అక్కడి నుంచి అంతా ‘నేనే కాల్చినా, నేనే బూడిద చేసినా’ అని. వినేవాళ్లు నవ్వుకుంటారని లంకలో ఆదోని పత్తి గోదాములు కూడా పెట్టినాను.

పాట కట్టినవాళ్ల పేరు ఆఖరి చరణంలో రావడం మాలో ఆనవాయితీ. జనంలో నిలబడి నా పేరు కోసం విన్నాను. అన్న తన పేరు పాడుకున్నాడు.

తిరుగు బస్సులో అడిగితే నవ్వినాడు.

“ఆడపిల్ల పేరు పెడితే మనోళ్లు పాడతారా, పిచ్చిదానా? నీ పాట అందరి నోట్లో ఉండాది. సాలదా?”

చాలలేదు. అక్షరం పెట్టిన చేతితోనే లాక్కున్నాడే అనిపించింది. పరాయివాడైతే ఇంత నొచ్చుకునేదాన్నా?

కొన్నాళ్లకు ఆదోనిలో ఒక పత్తి గోదాము కాలిపోయింది. దాని యజమానితో అన్నకు అంతకుముందే మాటామాటా వచ్చి ఉండింది. ఎవరో ఫోన్లో తీసిన పాట పట్టుకొని పోలీసులు మా ఇంటికి వచ్చినారు. మొదటి చరణం అందులో లేదు. అన్న గుంపువాళ్లు అది హనుమంతుడి పాట అని చెప్పినా నమ్మలేదంట. పాట ఎవరిది, ఈ కాల్చిన ‘నేను’ ఎవరు అని వాకిట్లో నన్ను అడిగినారు.

“ఆఖర్లో పేరు ఉండాది కదా సార్,” అన్నాను.

అంతే. అబద్ధం కాదు. తోక సంగతి చెప్పలేదు. నా సంగతీ చెప్పలేదు. భయమా? భయం ఉండింది. కానీ దానికంటే ముందు లోపల ఏదో చల్లబడింది, పాటకు నీ పేరే కావాలనుకున్నావు కదా అన్నా, ఉంచుకో అన్నట్టు. ఇన్నేళ్లూ నేను దాచింది ఆ చల్లదనాన్నే.

అన్న జైల్లో ఉండి వచ్చినాడు. పాటలో పాడిన మాట నేరం ఒప్పుకున్నట్టు కాదని చివరికి జడ్జి విడిచిపెట్టినారు. వచ్చినాక అన్న మళ్లీ భజన తాళాలు ముట్టలేదు. పాట నీదేనా అని కోర్టులో అడిగితే, నాదే అన్నాడంట. నన్ను కాపాడేదానికా? అప్పుడు కూడా పాటను వదులుకోలేకనా? నేను అడగలేదు. అడిగితే నేనేం చేసినానో నేనూ చెప్పాల్సి వస్తుంది.

ఆ పాట కట్టింది నేను. అందులో ‘నేను’ హనుమంతుడు. ఆరోజు వాకిట్లో నిలబడి చెప్పాల్సింది ఈ రెండు మాటలే.