కరెంటు పెట్టె, చెప్పు మీద కోడి

"అత్తమ్మా, బ్యాటరీ మీద గూడ నడిచే ఇంక్యుబేటరే తీస్కుందాం. కరెంటు పోతె గుడ్లు సల్లబడ్తయి."

"నాచారంల కరెంటెందుకు పోతది? బ్యాటరీకి పైసలు దండుగ!"

"పొదిగే కోడి ఇంట్ల ఉండంగ అసలు మిషనే ఎందుకు?"

"కోడి పొదుగుకుంట కూసుంటె గుడ్లెవరు పెడ్తరు, నువ్వా?"

ఉప్పల్‌లో దుకాణం ముందు నా కోడలు సుజాతతో నేను పడ్డ తగువు ఇది. దుకాణపాయన నవ్వాపుకోలేక కౌంటర్ కిందికి వంగాడు. నాలుగో తరగతితో బడి మానేసినా లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరని అప్పట్లో నాకు పొగరు. పిల్లల్ని పెట్టె చేస్తుంది, కోడి గుడ్లు పెడుతూనే ఉంటుంది, రెండు వైపులా లాభం! ఆ లెక్క నన్ను ఎవరి కాళ్ల దగ్గర పడేసిందో వినండి.

కరెంటు మీదే నడిచే చవక పెట్టెను పెళ్లికొడుకు తల్లిలా తలెగరేస్తూ ఇంటికి తెచ్చాను. పొదగడానికి కూర్చున్న నల్లకోడి కింది నుంచి గుడ్లన్నీ లాగి అందులో పెట్టాను. పొదిగే పిచ్చి వదలాలని కోడిని బకెట్ నీళ్లలో ముంచాను. "సోమరిదానా!" అని తిట్టాను కూడా. అది ఒళ్లు దులుపుకొని, వరండాలో మా ఆయన చెప్పు మీద కూర్చుని పొదగసాగింది. రోజూ ముంచాను, రోజూ కూర్చుంది.

"నా చెప్పు పిల్లలు జేసినంక పిలువున్రి" అంటూ ఆయన ఒట్టి కాళ్లతో తిరిగారు.

తీరా గుడ్లు పగుళ్లిచ్చి, లోపల కిచకిచలు వినిపించిన రోజే గాలివాన. కరెంటు పోయింది. పెట్టెకు దుప్పటి కప్పాను, పైన మా ఆయన మంకీ టోపీ తొడిగాను. సాయంత్రానికి కిచకిచలు సన్నబడ్డాయి.

"అత్తమ్మా, కోడినడుగున్రి."

"బకెట్ల ముంచిన కోడిని ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

"మొఖం సంగతి తర్వాత. పిల్లలు సస్తున్నయి!"

ఎవరికీ తల వంచని నేను ఒక చెప్పు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"తప్పయింది తల్లీ, జర జరుగు."

గుడ్లు తెచ్చి దగ్గర పెడుతుంటే కోడి నా చెయ్యి పొడిచింది గానీ, అన్నిటినీ రెక్కల కిందికి లాక్కుంది.

తెల్లారి చూస్తే రెక్కల సందుల్లోంచి పిల్లలు తొంగి చూస్తున్నాయి. కరెంటొచ్చి, ఖాళీ పెట్టెలో బల్బు దర్జాగా వెలుగుతోంది.

"అత్తమ్మా, మీ మిషన్ మస్తు వెచ్చగున్నది. ఏం పెడ్దాం?"

"నోర్మూసుకొని స్విచ్ బంద్ జెయ్యి, బిల్లొస్తది!"

కోడి ఉన్న ఇంట్లోకి ఇంకో పెట్టె తేనని ఒట్టు వేయడానికి నల్లకోడి తల మీద చెయ్యి పెట్టాను. అది మళ్లీ పొడిచింది.